అందినకాడికి

చండూరు తొవ్వల మా ఊరు.
పంచాయితి మిద్దె మీద
ఉమ్మెత్త పువ్వసొంటి మైకు కట్టింది
మా అంతయ్య తాతనే.
అప్పటికి ఆయన మెడ నిటారు.
నిచ్చెన లేకుండనే ఎక్కిండట,
తీగె పండ్ల నడుమ కరుసుకొని.

కింద అర్రల రేడియో. అర్రకు తాళం.
తాళంచెవి తాత మొలతాడుకు.
పొద్దూకి ఆరింటికి చెవి మెలేస్తే
ముందుగాల గుర్రుమనేది, పిల్లి లెక్క.
తర్వాత మనిషయ్యేది.
బ్యాటరీలు నీరసిస్తే
అరుగు మీద మిరపకాయల పక్కన ఎండవెట్టేది తాత.
ఒక్కనాటి వార్తలకు సరిపడ పాణమొచ్చేది.

ఎవరూ పెట్టె ఎన్కకు పోయి మనిషికోసం దేవులాడలే.
మావోళ్లు అంత ఎడ్డోళ్లు కాదు.
వాళ్ల అబ్బురం వేరే:
గంతసేపు మాట్లాడేటోడు
ఒక్కసారన్న దగ్గడేంది, అని.
"కోస్తాల జల్లులు పడొచ్చు" అంటే ఒకనాడు
మా ఆడోళ్లు ఆరవోసిన జొన్నలు ఎత్తిండ్రు.
వాన రాలే.
మా ఊరి పేరు గూడ ఆయన నోట ఎన్నడు రాలే.

అండాలవ్వ అడిగింది:
"గంత మందితోని మాట్లాడుతడు గద,
భీమండిల మా తమ్ముడు కనబడితే
అక్కకు పాణం బాగలేదని చెప్పుమను."
తాత నవ్వలే.
"చెప్పుడే గని ఇనుడు రాదవ్వా దీనికి" అన్నడు,
పెట్టె బదులు తాను సిగ్గుపడుకుంట.

తర్వాత బోర్లు పడ్డయి.
నీళ్లు తెల్లగనే ఉండె, తాగినం.
తాత మెడ ఏడాదికింత వంగింది,
ఎవరో సౌండు తగ్గిస్తున్నట్టు.
నలభై దాటేసరికి ఆయనకు మిగిలింది నేల:
చీమలు, కోడిపిల్లలు, చిన్నపిల్లల మొఖాలు.
పెద్దోళ్లను చెప్పులతోని గుర్తువట్టేది.

చండూరుల ఎస్టీడీ డబ్బా పెట్టినప్పుడు
అండాలవ్వను తోల్కపోయింది తాతనే.
అద్దాల తలుపు, ఎర్రటి అంకెలు.
ముందు సాంచెల చప్పుడు వచ్చిందట,
ఆ చప్పుట్ల నుంచి తమ్ముని గొంతు.
అవ్వ ఒక్క మాట మాట్లాడలే. ఏడ్సింది.
అంకెలు తిరిగినయి, పద్దెనిమిది రూపాయల దాంక.
"మాట్లాడకున్నా పైసలేనా?" అంటే
డబ్బా పిలగాడు, పాపం మంచోడే,
"ఏడ్సినా అదే రేటు పెద్దమ్మా" అన్నడు.
బయటికొచ్చినంక అవ్వ మొఖం ఎలిగిపోయింది:
"ఇన్నడు అంతయ్యా.
నేను ఏడ్సేది వాడు ఇన్నడు."

ఆ తర్వాతియి మీకెరుకే.
ఒక్క రింగైతే చేరినం,
రెండైతే పైసలేసినం,
మూడైతే ఎత్తు, ఎవరో పోయిండ్రు.

ఇప్పుడు బస్టాండుల అందరి మెడలూ వంగినయి.
మొన్న వాళ్ల నడుమ కూసున్నడు తాత.
ఆయన గూనిని ఎవరూ తేరిపార చూడలే.
"గీళ్లు ఏ బోరు నీళ్లు తాగిండ్రే?" అని
నా చెవుల అడిగిండు.

కరెంటు పోయిన రాత్రి
నేను ఫోన్ పైకెత్తి ఆకాశాన్ని పట్టిన.
ఎల్లకిల పండుకోరాదు ఆయనకు.
ముప్పై ఏండ్లాయె దాన్ని చూడక.
తెచ్చి మోకాళ్ల మీద పెట్టిన,
అబ్బా అంటడని ఎదురుచూసుకుంట.
అనలే.
పంచె కొసతోని అద్దం తుడిసిండు.
"గిన్నేనా సుక్కలు? కడమయి ఏడవోయినయి?"
సన్నయి దీనికి అందవు తాతా, అన్న.
"అందినకాడికి," అన్నడు.
"రేడియో గూడ గంతే ఉండె."

ఇంకొంచెం సేపైనంక, పిల్లగాని లెక్క:
"పంచాయితి మిద్దె మీద మైకు
ఉన్నదా బిడ్డా ఇంక?"

ఏం చెప్పాలె. రోజూ దాని కిందనే
ఫోన్ చూసుకుంట పోత నేను.

తెల్లారి పోయి తలెత్తిన. ఉన్నది.
తుప్పు వట్టి, నోట్ల పిచ్చుక గూడు వెట్టుకొని,
తెగిన తీగె గాలికి ఊగుతంది.
ఫోటో తెచ్చి చేతిల పెడితే
తాత శానసేపు చూసిండు.
తర్వాత ఫోన్ చెవికి ఆనిచ్చుకొని,
"కొద్దిగ సౌండు పెంచు" అన్నడు.